విడాకులకు ముందు విడిగా ఉండి చూడాలనుకుంటే ఇలా చేయండి

“కొన్నాళ్లు విడిగా ఉందాం.” ఈ మాట సాధారణంగా రాత్రి పదకొండింటికి, గొడవ మధ్యలో వస్తుంది. తెల్లారేసరికి ఎవరో ఒకరి బ్యాగు గుమ్మం దగ్గర ఉంటుంది. అన్న మనిషి ఉద్దేశం కాస్త ఊపిరి పీల్చుకుందామని. విన్న మనిషికి అర్థమైంది ఇక అయిపోయిందని. ఆ ఒక్క మాటనే ఇద్దరూ రెండు అర్థాలతో మోసుకుంటూ నెలలు గడిపేస్తారు. మూడో నెలలో ఒకరు “ఎప్పుడొస్తున్నావు?” అంటారు, రెండోవాళ్లు “రావడమేంటి?” అంటారు.

విడిగా ఉండటం వల్ల మేలు జరగాలంటే అది గొడవలోంచి కాకుండా, ఒక కాగితం మీంచి మొదలవ్వాలి. ఆ కాగితంలో ఏం ఉండాలో, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ చెబుతాను. లాయరు ఫీజు కట్టక ముందే మీరిద్దరూ కూర్చుని చేసుకోగలిగిన పని ఇందులో చాలా ఉంది.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, ఫోను లాక్కోవడం, బయటికి వెళ్లనివ్వకపోవడం లాంటివి ఉంటే కింద చెప్పిన ‘ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి’ అన్న సలహాలేవీ మీకు వర్తించవు. అలాంటి మనిషి నుంచి బయటపడే రోజులే అన్నిటికంటే ప్రమాదకరమైన రోజులు. అందుకే వెళ్లిపోతున్నానని ముందుగా చెప్పకండి. గుర్తింపు కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు, రోజూ వేసుకునే మందులు నమ్మకమైన వాళ్ల దగ్గరికి చేర్చండి. మీ ఫోన్ లొకేషన్ అవతలివాళ్లకు కనిపిస్తోందేమో చూసుకోండి. పోలీసుల ద్వారానో కోర్టు ద్వారానో రక్షణ ఉత్తర్వు తెచ్చుకునే దారి చాలా దేశాల్లో ఉంది. ఎవరైనా రాజీకి పిలిచినా ఒంటరిగా వెళ్లకండి.

మిగతావాళ్లం అసలు పనిలోకి వద్దాం.

మొదటి పని: ఎందుకు విడిపోతున్నారో చెరో కాగితం మీద రాయండి

విడిగా ఉండటంలో మూడు రకాలున్నాయి. మొదటిది పరీక్ష. కలిసి ఉండాలా వద్దా తేల్చుకోలేక, దూరం నుంచి చూద్దామని విడిపోవడం. రెండోది తయారీ. విడాకులు ఖాయమే, కానీ చట్టం అడిగే గడువు పూర్తి కావాలి, లేదా డబ్బు, ఇల్లు సర్దుకోవడానికి కొంత సమయం కావాలి. మూడోది విడాకులకు బదులు. భార్యాభర్తలుగా కాగితం మీద ఉంటూనే, ఎవరి బతుకు వాళ్లు బతకడం.

ఈ మూడింటికీ నియమాలు ఒకటి కావు. పరీక్షగా విడిపోయినవాళ్లు వారానికోసారి కలవాలి. తయారీలో ఉన్నవాళ్లకు అన్ని కలయికలు అక్కర్లేదు, లెక్కలు కావాలి. మూడో రకంవాళ్లు పదేళ్ల తర్వాత ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించాలి.

కాబట్టి ఇద్దరూ వేర్వేరుగా, ఒకరికొకరు చూపించుకోకుండా, ఒక్క వాక్యం రాయండి: “నేను విడిగా ఉండాలనుకుంటున్నది ఎందుకంటే...” తర్వాత మార్చుకుని చదవండి. ఒకరు పరీక్ష అని, ఇంకొకరు తయారీ అని రాసి ఉంటే బాధగానే ఉంటుంది. కానీ ఆ సంగతి ఇవాళ తెలియడం ఆరు నెలల తర్వాత తెలియడం కంటే నయం. మనసులో విడాకులు నిర్ణయించేసుకుని, అవతలివాళ్లు తట్టుకోలేరేమోనని దాన్ని ‘కొన్నాళ్ల బ్రేక్’ అని చెప్పేవాళ్లున్నారు. అది దయ అనిపిస్తుంది. కానీ చివరికి ఆశపెట్టి లాక్కున్నట్టవుతుంది.

ఒకరు ఉండాలని, ఒకరు వెళ్లాలని అనుకుంటున్న జంటలకు మామూలు మ్యారేజ్ కౌన్సెలింగ్ పెద్దగా ఎక్కదు. కాపురం బాగుచేసుకోవాలని ఇద్దరికీ ఉంటేనే అది పని చేస్తుంది. ఇలాంటి జంటల కోసమే అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం డోహర్టీ ‘డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్’ అనే పద్ధతి తయారు చేశారు. గరిష్ఠంగా 5 సిట్టింగులు. అందులో గొడవలు పరిష్కరించరు. ఉన్నట్టే ఉండటమా, విడాకులా, లేక ఆరు నెలలు గట్టిగా ప్రయత్నించడమా అన్నది తేల్చుకోవడానికి మాత్రమే సాయపడతారు. మీ కౌన్సెలరు ఈ పేరు వినకపోయినా, “మాకు ముందు ఇది తేల్చుకోవడానికి సాయం చేయండి” అని అడగొచ్చు.

రెండో పని: తేదీ

గడువు లేని ఎడబాటు అన్నిటికంటే చెడ్డదని నా అభిప్రాయం. ఎదురుచూసేవాళ్లకు అది నరకం, ఎదురుచూడనివాళ్లకు అది సుఖం. ఆ తేడా వల్లే నెలలు గడిచేకొద్దీ ఒకరు బెట్టుగా, ఇంకొకరు బేలగా తయారవుతారు.

పరీక్షగా విడిపోయేవాళ్లకు మూడు నుంచి ఆరు నెలలు చాలు. నెలకంటే తక్కువైతే కోపం చల్లారడానికే సరిపోతుంది. ఆరు దాటితే కొత్త ఇల్లు, కొత్త అలవాట్లు, కొత్త స్నేహాలు వేళ్లూనుకుంటాయి. మీరు నిర్ణయం తీసుకునేలోపు జీవితమే తీసేసుకుంటుంది. క్యాలెండర్లో రెండు తేదీలు పెట్టుకోండి. మధ్యలో ఒకటి, ఎలా నడుస్తోందో చూసుకోవడానికి. చివర ఒకటి, నిర్ణయానికి. పొడిగించాలనుకుంటే ఇద్దరూ ఒప్పుకుని, కొత్త తేదీ రాసి, సంతకం పెట్టి పొడిగించండి. దానంతట అదే పొడిగిపోనివ్వకండి.

మూడో పని: ఎవరు ఎక్కడ ఉండాలి

ఒకరు బయటికి వెళ్లడం అందరికీ తెలిసిన దారి. వెళ్లేముందు ఒక్క విషయం చూసుకోండి. భారతదేశంలో హిందూ వివాహ చట్టం కింద, రెండేళ్లు వరసగా వదిలేసి వెళ్లడం విడాకులకు ఒక కారణం. మీరిద్దరూ మాట్లాడుకునే విడిపోయినా, రేపు కోర్టులో ‘చెప్పాపెట్టకుండా వదిలేసి పోయారు’ అనే మాట రావచ్చు. ఇద్దరి ఇష్టంతోనే విడిగా ఉంటున్నామని తేదీ వేసి రాసుకున్న ఒక్క పేరా ఆ మాటకు సమాధానం. కానీ ఆ పేరాకే ఇంకో చిక్కు ఉంది. దాని సంగతి డబ్బు దగ్గర చెబుతాను, వదలకుండా చదవండి.

రెండు అద్దెలు కట్టే స్తోమత లేనివాళ్లు ఒకే ఇంట్లో విడిగా ఉంటారు. వినడానికి వింతగా ఉన్నా చట్టం దీన్ని కాదనదు. విడిగా ఉండటమంటే భార్యాభర్తల్లా కాపురం చేయకపోవడమే, ఒకే కప్పు కింద ఉన్నా అది సాధ్యమేనని భారత సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఆస్ట్రేలియాలో కూడా ఒప్పుకుంటారు, కాకపోతే అదనంగా సాక్ష్యం అడుగుతారు. గదులు వేరయ్యాయా, వంట ఎవరిది వారు చేసుకుంటున్నారా, బట్టలు ఎవరివి వారు ఉతుక్కుంటున్నారా, ఈ సంగతి బంధుమిత్రులకు తెలుసా అని చూస్తారు. కాబట్టి ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఈ చిన్నచిన్న విషయాలు కూడా రాసుకోవాలి. వంటగది ఎవరికి ఏ టైములో, హాల్లో టీవీ ఎవరిది, చుట్టాలొస్తే ఎలా. నవ్వొస్తుంది గానీ ఒకే ఇంట్లో ఎడంగా ఉండే ప్రయత్నాలు తెగిపోయేది ఇలాంటి చోట్లే.

ఇంకో పద్ధతి ఉంది. పిల్లలు ఇంట్లోనే ఉంటారు, తల్లీతండ్రీ వంతులవారీగా వచ్చి వెళ్తుంటారు. దీన్ని ‘నెస్టింగ్’ అంటారు. పిల్లలకు మంచిదే, పెద్దలకు కష్టం. బయట ఉండే చోటు ఇద్దరికీ ఒకటే అయితే మరీ కష్టం. రెండు మూడు నెలలకు మించి పెట్టుకోకండి.

నాలుగో పని: డబ్బు

ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం. ఎందుకంటే ఎడబాటులో ప్రేమ గురించి వచ్చే గొడవలకంటే కరెంటు బిల్లు గురించి వచ్చేవి ఎక్కువ.

విడిగా ఉండటం మొదలుపెట్టిన తేదీని స్పష్టంగా రాయండి. ఆ రోజున ప్రతి ఖాతాలో ఎంత ఉంది, ఏ అప్పు ఎంత మిగిలింది, బంగారం ఎక్కడుంది, ఇల్లు ఎవరి పేరున ఉంది, అన్నీ ఒక జాబితాగా రాసి, స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. కొన్నిచోట్ల ఈ తేదీకి చట్టంలోనే విలువ ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో విడిపోయిన తేదీ తర్వాత ఎవరు సంపాదించింది వారి సొంతం, అంతకు ముందు సంపాదించింది ఉమ్మడిది. ఆ తేదీ ఏదన్న దాని మీదే కోర్టుల్లో పెద్ద వాదనలు నడుస్తుంటాయి.

జాయింట్ ఖాతాను ఖాళీ చేయకండి. ఆవేశంలో చాలామంది చేసే మొదటి పని అదే. తర్వాత జడ్జి ముందు చెప్పుకోలేక తల దించుకునేదీ అక్కడే. ఇద్దరి జీతాలూ సొంత ఖాతాల్లో పడేలా మార్చుకోండి. జాయింట్ ఖాతాలోకి ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు, ఇన్సూరెన్స్ కోసం చెరో మొత్తం ప్రతి నెలా ఫలానా తేదీకి వేయాలని ఒప్పుకోండి. అప్పు ఇద్దరి పేరుమీదా ఉంటే బ్యాంకుకు మీ ఎడబాటుతో సంబంధం లేదు. ఒకరు కట్టకపోతే రెండోవాళ్లను అడుగుతుంది, ఇద్దరి క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. ఒకరి క్రెడిట్ కార్డు మీద ఇంకొకరికి ఇచ్చిన యాడ్-ఆన్ కార్డు ఉంటే దాని సంగతీ తేల్చుకోండి.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది? ఏళ్ల తరబడి ఇంట్లో ఒకరే బ్యాంకు పనులు చూసుకుంటే, రెండోవాళ్ల ఖాతాకు కూడా వాళ్ల నంబరే ఉంటుంది. విడిపోయాక మీ డబ్బు మీరు తీసుకోవడానికి వాళ్లకు ఫోన్ చేసి అడగాల్సి వస్తే ఆ ఇబ్బంది మామూలుగా ఉండదు. గ్యాస్, కరెంటు, పిల్లల స్కూలు యాప్, ఈమెయిల్ రికవరీ నంబరు, అన్నీ చూసుకోండి.

ఇప్పుడు ఇందాక చెప్పిన చిక్కు. ఉద్యోగం లేనివాళ్లకు, లేదా తక్కువ జీతం ఉన్నవాళ్లకు రెండోవాళ్లు నెలనెలా ఎంత ఇవ్వాలో కచ్చితంగా రాసుకోండి. భారతదేశంలో ఇప్పటి నేర విచారణ ప్రక్రియ చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద భార్య భరణం అడగొచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇది 125వ సెక్షన్. కానీ భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే ఆ సెక్షన్ కింద భరణం రాదని అదే సెక్షన్‌లో ఉంది. అంటే ‘ఇష్టపడే విడిపోయాం’ అని రాసి, డబ్బు సంగతి రాయకుండా వదిలేస్తే, ఆ కాగితమే రేపు మీకు అడ్డం తిరగొచ్చు. అంగీకారం గురించి రాసిన చోటే, ఆ వాక్యం కిందే, భరణం మొత్తం, తేదీ, ఎన్నాళ్లు అన్నది రాయండి. ఈ ఒక్క పేరాను మాత్రం లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

ఐదో పని: పిల్లలు

ఇద్దరూ కలిసి, ఒకే రోజు, ఒకే మాట చెప్పండి. టీవీ ఆపేసి, కూర్చోబెట్టి, చిన్న మాటల్లో. “అమ్మా నాన్నా కొన్నాళ్లు వేరే వేరే ఇళ్లలో ఉంటారు. ఇది నీ వల్ల కాదు. నీ స్కూలు మారదు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా నాన్న దగ్గర ఉంటావు.” అంతే. చిన్న పిల్లలకు కావాల్సింది కారణాలు కాదు, రేపు పొద్దున ఎవరు లేపుతారు, స్కూలుకి ఎవరు దింపుతారు అన్నది. పెద్ద పిల్లలు “మీరు విడాకులు తీసుకుంటారా?” అని సూటిగా అడుగుతారు. తెలియకపోతే తెలియదనే చెప్పండి. “ఇంకా నిర్ణయించుకోలేదు, నిర్ణయించుకున్న రోజు నీకే ముందు చెబుతాం” అనండి. చెప్పాక ఆ మాట నిలబెట్టుకోండి.

వారంలో ఏ రోజులు ఎవరి దగ్గర అన్నది ఫ్రిజ్ మీద కాగితం అంటించినట్టు స్పష్టంగా ఉండాలి. ఏదైనా మారితే ముందు రోజు సాయంత్రంలోపు చెప్పాలని నియమం పెట్టుకోండి. పిల్లలతో కబుర్లు పంపకండి. “ఫీజు డబ్బులు ఎప్పుడిస్తాడో అడుగు” అని ఎనిమిదేళ్ల పిల్లతో అనిపిస్తే ఆ పిల్ల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. అవతలింట్లో ఎవరొచ్చారు, ఏం వండారు అని ఆరా తీయడమూ అలాంటిదే. క్లాస్ టీచరుకు ఒక్క ముక్క చెప్పి ఉంచండి. మార్కులు, ప్రవర్తన ఉన్నట్టుండి మారితే మొదట గమనించేది వాళ్లే.

విదేశాల్లో ఉన్న జంటలకు ఇంకో మాట. విడిపోయామని పిల్లల్ని తీసుకుని చెప్పకుండా వేరే దేశం వెళ్లిపోకండి. పిల్లల్ని తల్లో తండ్రో అక్రమంగా తీసుకెళ్తే తిరిగి పంపించాలని 1980 నాటి హేగ్ ఒప్పందం చెబుతుంది. దానిలో వందకు పైగా దేశాలు ఉన్నాయి. భారతదేశం అందులో చేరలేదు. అయినా వెనక వదిలి వచ్చిన దేశంలో మీ మీద కేసు పడొచ్చు, తర్వాత కస్టడీ అడిగేటప్పుడు అది మీకు వ్యతిరేకంగా నిలబడుతుంది. సెలవులకు తీసుకెళ్లేటప్పుడు కూడా వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ రాసి రెండోవాళ్ల సంతకం తీసుకోండి.

ఆరో పని: మీ ఇద్దరి మధ్య గీతలు

ఎన్నిసార్లు మాట్లాడుకుంటారు? పిల్లల విషయాలకు మెసేజ్, మీ విషయాలకు వారానికోసారి గంటసేపు ఎదురెదురుగా కూర్చోవడం అని పెట్టుకుంటే బాగుంటుంది. అర్ధరాత్రి పేరాలకు పేరాలు మెసేజ్‌లు పంపడం ఇద్దరూ మానుకోవాలి. పంపినా జవాబివ్వనక్కర్లేదని ముందే ఒప్పుకోండి.

ఈ కాలంలో వేరే మనిషితో పరిచయం పెంచుకోవచ్చా? అడగడానికే మొహమాటపడి చాలా జంటలు ఈ ప్రశ్నను దాటేస్తాయి. తర్వాత కొంప మునిగేది దీనితోనే. పరీక్షగా విడిపోయినప్పుడు ఇద్దరికీ వద్దు అన్నదే నా మాట. మూడో మనిషి వచ్చాక మీరు కాపురాన్ని పరీక్షించడం లేదు, పోలుస్తున్నారు. పైగా చట్టం దృష్టిలో మీరింకా భార్యాభర్తలే. భారతదేశంలో వివాహేతర సంబంధాన్ని నేరాల జాబితా నుంచి సుప్రీంకోర్టు 2018లో తీసేసింది గానీ విడాకులకు అది ఇప్పటికీ కారణమే. ఇంకో పెళ్లి చేసుకుంటే అది సాధారణంగా నేరమే.

మీ ఇద్దరి మధ్య శారీరక సంబంధం గురించి కూడా నోరు తెరిచి మాట్లాడుకోండి. ఒకరోజు కలిసి గడిపాక ఒకరు ‘మళ్లీ దగ్గరయ్యాం’ అనుకుంటారు, ఇంకొకరికి అది ఒక సాయంత్రం మాత్రమే. విడిగా ఉంటున్న భార్యతో ఆమె ఇష్టం లేకుండా సంబంధం పెట్టుకుంటే నేరాలకు శిక్షలు చెప్పే భారత న్యాయ సంహిత 67వ సెక్షన్ కింద రెండు నుంచి ఏడేళ్ల జైలు. కోర్టు ఉత్తర్వుతో విడిపోయినా, మామూలుగా విడిపోయినా అంతే. మళ్లీ కలిసి ఉండి చూస్తే, విడాకులకు ముందు విడిగా ఉండాలని చట్టం అడిగే గడువు లెక్క మొదటికొస్తుందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో రాజీ ప్రయత్నంగా మొత్తం 90 రోజుల వరకు కలిసి ఉన్నా ఏడాది లెక్క చెడదు. ఆస్ట్రేలియాలో ఒక్కసారి, మూడు నెలలలోపు కలిసి ఉండి మళ్లీ విడిపోతే ముందూ వెనకా రోజులు కలుపుకోవచ్చు.

బంధువుల విషయం చిన్నదే. ఇద్దరూ కలిసి ఒక వాక్యం తయారు చేసుకోండి, ఎవరడిగినా అదే చెప్పండి. “కొన్నాళ్లు విడిగా ఉంటున్నాం, ఫలానా నెల దాకా. అప్పటిదాకా దీని గురించి మాట్లాడాలనుకోవడం లేదు.” పెదవి దాటితే పృథ్వి దాటుతుంది. మీరు కోపంలో మీ అమ్మతో చెప్పిన మాటను మీరు మరిచిపోయి కాపురానికి తిరిగి వెళ్లినా ఆవిడ మరిచిపోదు. మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక్క స్నేహితుణ్ణో స్నేహితురాలినో ఎంచుకోండి, చాలు. సోషల్ మీడియాలో ఏమీ పెట్టకండి, కొటేషన్లు కూడా.

ఏడో పని: కోర్టు దాకా వెళ్లాలా వద్దా

మూడు మెట్లున్నాయి. నోటిమాట, రాతపూర్వక ఒప్పందం, కోర్టు ఉత్తర్వు. మూడు నుంచి ఆరు నెలల పరీక్షకు రెండోది సరిపోతుంది. పిల్లల కస్టడీ మీద మీరేం రాసుకున్నా పిల్లల మేలు చూసి కోర్టు దాన్ని మార్చగలదని మాత్రం గుర్తుంచుకోండి.

కోర్టు ఉత్తర్వుతో విడిగా ఉండటాన్ని జ్యుడీషియల్ సెపరేషన్ అంటారు. భారతదేశంలో హిందూ వివాహ చట్టం 1955లోని 10వ సెక్షన్, ప్రత్యేక వివాహ చట్టం 1954లోని 23వ సెక్షన్ దీని గురించే. హిందూ వివాహ చట్టంలో దీనికి విడాకులకు చూపించాల్సిన కారణాలే చూపించాలి, ఇద్దరికీ ఇష్టమే అంటే చాలదు. ఉత్తర్వు వచ్చాక ఏడాదిపాటు మళ్లీ కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. అందువల్ల, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేవాళ్లు చాలావరకు ఈ దారిలోకి రారు. ఏడాది విడిగా ఉండి, పరస్పర అంగీకార విడాకులకు నేరుగా వెళ్తారు. పిటిషన్ వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. తగిన కారణం ఉంటే ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో పెళ్లయిన మొదటి ఏడాదిలో విడాకులు అడగడానికి లేదు, జ్యుడీషియల్ సెపరేషన్ మాత్రం అడగొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి తప్పు ఎవరిదో చూపించే పని కూడా లేదు. అమెరికాలో రాష్ట్రానికో తీరు. అక్కడ దీన్ని లీగల్ సెపరేషన్ అంటారు, టెక్సస్‌లో అదే లేదు. కాలిఫోర్నియాలో విడాకులకు ఆరు నెలలు ఆ రాష్ట్రంలో ఉండి ఉండాలి, లీగల్ సెపరేషన్‌కు ఆ షరతు లేదు. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలు కానివారికి సాధారణంగా విడాకుల చట్టమే లేదు కాబట్టి అక్కడ చాలామందికి లీగల్ సెపరేషనే చివరి మెట్టు. మీరు ఉంటున్న దేశమేదో, పెళ్లి నమోదైన దేశమేదో రెండూ లాయరుకు చెప్పండి.

విడాకులకు బదులుగా విడిగానే ఉండిపోవాలంటే

మతం ఒప్పుకోకపోవడం, పిల్లల పెళ్లిళ్లు, ఆరోగ్య బీమా, పెన్షన్, ఇలా కారణాలు చాలా ఉంటాయి. వాటిలో కొన్ని నిజంగా లెక్క చూసుకోదగ్గవే. అమెరికాలో పెళ్లి పదేళ్లు నిలిస్తేనే విడాకుల తర్వాత మాజీ భర్త లేదా భార్య రికార్డు మీద సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వం ఇచ్చే పెన్షన్) అడిగే హక్కు వస్తుంది. తొమ్మిదో ఏట ఉన్నవాళ్లు ఇంకొంచెం ఆగడంలో అర్థముంది. అదే అమెరికాలో లీగల్ సెపరేషన్ తీసుకుంటే భార్య లేదా భర్త కంపెనీ ఇన్సూరెన్స్ నుంచి మీ పేరు పోయే అవకాశం ఉంది. అలా పోతే కోబ్రా చట్టం కింద సొంత ఖర్చుతో 36 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, కానీ ప్లాన్ వాళ్లకు 60 రోజుల్లోపు తెలపాలి. బీమా కోసమే విడాకులు ఆపుకుంటున్నవాళ్లు సెపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు పాలసీ చదవాలి.

వారసత్వం ఇంకా ముఖ్యం. మామూలుగా విడిగా ఉంటే చాలా దేశాల్లో రెండోవాళ్లు మీ వారసులుగానే ఉంటారు. ఇంగ్లండ్‌లో జ్యుడీషియల్ సెపరేషన్ అయ్యాక విల్లు రాయకుండా పోతే, రెండోవాళ్లు అప్పటికే లేనట్టు లెక్కిస్తారు. భారతదేశంలో అలా కాదు, జ్యుడీషియల్ సెపరేషన్ అయినా భార్య భార్యే, వారసత్వం పోదు. పదిహేనేళ్లుగా ముఖం చూడని మనిషికి మీ ఇల్లు వెళ్లడం మీకిష్టమేనా? ఇష్టమైతే సరే. కాకపోతే విల్లు రాయండి, నామినీల పేర్లు మార్చండి. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంటే మీ తరఫున ఎవరు సంతకం పెట్టాలో కూడా రాయండి. ప్రతి ఏటా ఒకే రోజున ఈ కాగితాలు తీసి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

గడువు రోజున

నిర్ణయం ఫోన్లో వద్దు, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. మొదట్లో రాసుకున్న ఆ చెరో వాక్యం తీసుకుని రండి. ఎవరు మారాలని కాకుండా ఈ నెలల్లో ఎవరు ఏం చేశారో మాట్లాడుకోండి. తాగుడు మానేస్తానన్న మనిషి మానేశాడా? అప్పులు దాచనన్న మనిషి స్టేట్‌మెంట్లు చూపించిందా? “నువ్వు లేకుండా ఉండలేను” అనేది బెంగ, మార్పు వేరు.

తిరిగి కలవాలనుకుంటే ఒకేసారి సామానంతా తెచ్చేయకండి. ముందు వారాంతాలు, తర్వాత వారం, ఆ తర్వాత పూర్తిగా. వీలైతే రెండో ఇంటి అద్దె ఇంకో నెల కట్టండి. వెనక్కి తలుపు ఉందని తెలిసినప్పుడు మనుషులు తక్కువ భయంతో, ఎక్కువ నిజాయితీగా మాట్లాడతారు. పిల్లలకు పూర్తిగా కలిసిన రోజే చెప్పండి, మధ్యలో ఆశ పెట్టకండి.

విడాకులే అనుకుంటే మీరు రాసుకున్న ఒప్పందం, ఖాతాల జాబితా, పిల్లల వారపు పట్టిక, నెలనెలా ఇచ్చిన డబ్బు రసీదులు తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టి, రెండు కాపీలు తీసి, లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకటి చేతిలో పట్టుకెళ్లండి. ఆ నెలల్లో ఇల్లు ఎలా నడిచిందో, పిల్లల్ని ఎవరెలా చూసుకున్నారో లాయరు మొదట అడుగుతారు.